ఎవరు ఎవరి సొత్తు?

పఠింపవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 1:10–17, 3:1–9, 3:21–23

క్లోయె ఇంటివారు ఎఫెసులోనున్న పౌలునొద్దకు తెచ్చిన వార్త సంతోషకరమైనది కాదు. కొరింథు సంఘములో కలహములు పుట్టెను. ఒకడు తాను పౌలువాడననియు, మరియొకడు తాను అపొల్లోవాడననియు, వేరొకడు కేఫావాడననియు, ఇంకొకడు క్రీస్తువాడననియు చెప్పుకొనుచుండిరి. ఒక్క ప్రభువు పేరట బాప్తిస్మము పొంది, ఒక్క రొట్టెలో పాలుపుచ్చుకొనువారు నాలుగు పేర్లక్రింద నాలుగు గుంపులైరి.

గ్రీకు మూలములో ఈ నాలుగు కేకలును మిక్కిలి క్లుప్తములు. అనుచరుడను, శిష్యుడను అను మాట అక్కడ లేదు. ఉన్నది షష్ఠీ విభక్తి మాత్రమే. పౌలు యొక్క, అపొల్లో యొక్క అని మాత్రమే ఉన్నది. తెలుగు అనువాదకులు దానికి "వాడను" అను చక్కని మాటను వాడిరి. ఊరివాడు, ఇంటివాడు అనునప్పుడు ఎట్టి సంబంధము తోచునో ఇక్కడను అట్టి సంబంధమే తోచును. ఫలాని బోధకుని ప్రసంగము బాగున్నదని ఒకడు చెప్పినయెడల అది ఆ బోధకుని గూర్చిన మాట. తాను అతనివాడనని చెప్పినయెడల అది తన్నుగూర్చి తాను చెప్పుకొనిన మాట. తాను ఎవరో, ఎవరి సొత్తో అతడు ప్రకటించుచున్నాడు. పౌలును కలవరపరచినది ఈ విభక్తియే. ఇరువది శతాబ్దములు గడచిన పిమ్మట అదే విభక్తి ఒక చిన్న యంత్రము విషయమై క్రైస్తవ గృహములలో సయితము వినవచ్చుచున్నందున ఆయన వ్రాసిన జవాబును మరల చదువుట మేలు.

1. కొరింథు వీధులలో నేర్చిన అలవాటు

కొరింథు విశ్వాసులు ఈ అలవాటును సంఘములో కనిపెట్టలేదు. పట్టణమునుండి వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ కాలమున వక్తలును తత్త్వబోధకులును ఊరూర తిరిగి శిష్యులను చేర్చుకొనెడివారు. మొదటి శతాబ్దపు తుదిభాగమున పేరుపొందిన దియో క్రిసోస్తొము అను గ్రీకు వక్త, కొరింథునకు చేరువనున్న ఇస్త్మియ క్రీడల సమయమున పోసైదోను గుడిచుట్టు చేరిన పండితమ్మన్యులు ఒకరినొకరు దూషించుకొనుటయు, వారి శిష్యులు తమలో తాము పోరాడుటయు ఒక ప్రసంగములో వర్ణించెను. గురువు ప్రతిష్ఠయే శిష్యుని ప్రతిష్ఠ. గురువును ఎవరైన తక్కువచేసినయెడల శిష్యుడు తన్నే తక్కువచేసినట్లు మండిపడెను. తనకంటూ చెప్పుకొనదగిన ఘనత లేనివానికి గురువు పేరు ఎరువు తెచ్చుకొనిన వస్త్రమువలె ఉపయోగపడెను.

గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. పౌలునకును అపొల్లోకును నడుమ కలహమేమియు లేదు. ఈ పత్రిక వ్రాయునాటికి అపొల్లో పౌలునకు అందుబాటులోనే ఉండెను. కొరింథునకు వెళ్లుమని పౌలు తానే అతనిని మిక్కిలి బతిమాలెను (16:12). ఒకడు నాటెను, ఒకడు నీళ్లు పోసెను. ఇద్దరును ఒక్కటే అని పౌలు వ్రాసెను (3:6–8). నాయకులు ఒకే పొలములో పనిచేయుచుండగా, వారి పేరు చెప్పుకొనువారు గట్టుమీద నిలిచి కలియబడుచుండిరి.

2. అరచేతిలోని రెండు పేర్లు

2007 జనవరి 9వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్టీవ్ జాబ్స్ తన ఆపిల్ సంస్థ చేసిన ఐఫోనును లోకమునకు చూపెను. ఆ సంవత్సరమే నవంబరులో గూగుల్ సంస్థ, మరికొన్ని సంస్థలతో కూడి, ఆండ్రాయిడ్ అను ఆపరేటింగ్ సిస్టమును ప్రకటించెను. 2008లో ఆండ్రాయిడ్‌తో నడుచు మొదటి ఫోను అమ్మకమునకు వచ్చెను. ఐఫోను యంత్రమును, దానిని నడుపు సాఫ్ట్‌వేరును ఆపిల్ సంస్థయే తన చేతిలో ఉంచుకొనెను. ఆండ్రాయిడ్‌నైతే అనేక సంస్థలు తమ తమ ఫోనులలో పెట్టుకొనుచున్నవి. అందుచేత అది కొద్ది వేల రూపాయల ఫోనులోను ఉండును, లక్ష రూపాయలు దాటిన ఫోనులోను ఉండును. భారతదేశములో పది స్మార్ట్‌ఫోనులలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వే.

ఈ రెంటిలో ఒకదానిని ఎంచుకొనుట పాపము కాదు. ఒకటి కట్టుదిట్టమైనదని, ఎక్కువకాలము మన్నునని కొందరు కోరుకొందురు. మరియొకటి చవుకగా దొరకునని, ఇష్టమువచ్చినట్లు మార్చుకొనవచ్చునని కొందరు కోరుకొందురు. తన అవసరమును, తన సంచిలోని రూకలను లెక్కించుకొని మంచిచెడ్డలు విచారించి కొనుట మంచి గృహనిర్వాహకుని లక్షణము. ఈ సంస్థల నడవడిని ప్రశ్నించుటయు తప్పు కాదు. ఆండ్రాయిడ్ విషయమై గూగుల్ తన బలమును దుర్వినియోగము చేసినదని భారత పోటీ కమిషను 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. అట్టి విచారణ పౌరధర్మము.

చిక్కు మరియొకచోట పుట్టుచున్నది. వస్తువును గూర్చిన మాట మనిషిని గూర్చిన మాటగా మారుచున్నది. యౌవనుల కూటము ముగిసి టీ త్రాగునప్పుడు, కార్యాలయములో అన్నపు వేళ, ఒక ఇంటిలోనే అన్నదమ్ముల నడుమ, కెమెరా ఎవరిది మేలు, కొత్త మార్పులు ఎవరికి ముందు వచ్చును అని మొదలైన వాదము కొంతసేపటికి ఎగతాళిగా మారును. ఒక పక్షమువారు ఎదుటివారిని గొఱ్ఱెల మంద అందురు. ఆ పక్షమువారు వీరిది లేనివారి ఫోను అందురు. తన ఫోనులో ఒక లోపము చూపినయెడల యజమానుడు తన పిల్లవానిని కొట్టినట్లు బాధపడును. ఆ లోపమును సరిచేయవలసినది సంస్థ. సమర్థించువాడు మాత్రము జీతము లేని వకీలు.

ఈ భక్తి దానంతటదే మొలచినది కాదు. 1983లో ఆపిల్‌లో చేరిన గై కవాసాకి అను ఉద్యోగికి ఆ సంస్థ ఇచ్చిన హోదా "ఎవాంజెలిస్టు", అనగా సువార్తికుడు. కంప్యూటరును అమ్ముటకు సంఘపు మాటను ఎరువు తెచ్చుకొనిరి. 1994లో ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో, ఆపిల్ వారి మాకింటోష్ రోమను కతోలికమనియు, దానికి పోటీయైన డాస్ పద్ధతి ప్రొటెస్టెంటు మతమనియు హాస్యముగా వ్రాసెను. 2007లో పత్రికలవారు కొందరు ఐఫోనునకు పరిహాసముగా యేసు పేరునే తగిలించిరి. ఒక వస్తువు చుట్టు ఏర్పడు గుంపులను పరిశీలించి మ్యూనిజ్, ఒగిన్ అను ఇద్దరు పండితులు 2001లో ఒక వ్యాసము ప్రకటించిరి. తాము ఒక్కటి అను భావము, తమకంటూ ఆచారములు, ఒకరిపట్ల ఒకరికి బాధ్యత అను మూడు లక్షణములను వారు అట్టి గుంపులలో చూచిరి. ఎదుటి వస్తువును తృణీకరించుట ద్వారా ఆ ఐక్యత బలపడుటయు చూచిరి. సహవాసము, ఆచారము, పరస్పర బాధ్యత: సంఘముచేతిలో ఉండవలసిన మూడును అంగడికి చేరినవి.

3. యజమానుల వ్యాపారము, అనుచరుల పోరు

కొరింథులో నాయకులు ఏకముగా ఉండగా అనుచరులు పోరాడిరి. ఇక్కడను పోలిక కొంతవరకు కుదురును. 2011లో ఆపిల్ సంస్థ శాంసంగ్‌మీద దావా వేసెను. 2012 ఆగస్టులో కాలిఫోర్నియాలోని జ్యూరీ నూరు కోట్ల డాలర్లకు మించిన నష్టపరిహారము ప్రకటించెను. 2018లో గాని ఆ వ్యాజ్యము రాజీతో ముగియలేదు. అభిమానులు ఆ ఏడేండ్లును దానిని ధర్మయుద్ధమువలె చూచిరి. అయితే ఆ వ్యాజ్యము నడుచుచుండగానే, 2017లో వచ్చిన ఐఫోను టెన్ అను మాదిరికి తెరను చేసి ఇచ్చినది శాంసంగే. గూగుల్ మాటయు అట్టిదే. ఐఫోనులోని సఫారి బ్రౌజరులో తన శోధనయంత్రమే ముందుండునట్లు 2022 ఒక్క సంవత్సరమునకు గూగుల్ ఆపిల్‌నకు 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానపు పత్రములలో వెల్లడియాయెను.

పోలిక అక్కడితో ఆగును. పౌలును అపొల్లోయు ఏకమైనది దేవుని వ్యవసాయము నిమిత్తము. ఈ సంస్థలు కలియునది లాభము నిమిత్తము. వ్యాపారస్థులు వ్యాపారము చేయుటలో వింత లేదు. వింత ఏమనగా, ఇటు ఇద్దరు స్నేహితులు తమ ఫోనుల నిమిత్తము ఒక మధ్యాహ్నమంతయు మాటలాడుట మానుకొనుచుండగా, అటు ఆ సంస్థలు ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒప్పందము వ్రాసికొనుచున్నవి.

ఈ సంగతి తెలుగుసీమకు దూరమైనది కాదు. 2015లో షావోమి సంస్థ తన ఆండ్రాయిడ్ ఫోనులను ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేత చేయించుటకు మొదలుపెట్టెను. చెన్నైకి నైరుతి దిక్కుననున్న శ్రీపెరుంబుదూరులో ఐఫోనులను కూర్చుచున్నదియు ఆ ఫాక్స్‌కానే. రెండు పేర్ల వెనుక ఒకే కూలి చేయి ఉండవచ్చును. ఆ చేతులు చాలవరకు పల్లెలనుండి వచ్చి వసతిగృహములలో ఉండు యువతులవి. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు కర్మాగారపు యువతులు ఉండు వసతిగృహములో భోజనము విషమించి 150 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. తోటివారు రోడ్డుమీదికి వచ్చి కూర్చుండిరి. ఏ ఫోను గొప్పదను వాదములో ఆ అన్నపు గిన్నె ఎన్నడును చర్చకు రాదు. పనివారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చునని యాకోబు హెచ్చరించెను (5:4). పేరును ప్రేమించువాడు పేరు వెనుకనున్న మనిషిని చూడడు.

4. పచ్చరంగు మాట

అమెరికాలో ఈ కక్షకు ఒక రంగు ఏర్పడినది. ఐఫోనునుండి ఐఫోనునకు పోవు సందేశము నీలిరంగులోను, ఆండ్రాయిడ్‌తో నడుచు సందేశము పచ్చరంగులోను కనబడును. ఏండ్ల తరబడి పచ్చ సందేశములలో చిత్రములు మసకబారి వచ్చెడివి. కూటపు సంభాషణలు చెడిపోయెడివి. 2022 సెప్టెంబరులో ఒక సభయందు, తన తల్లికి పంపు వీడియోలు ఆమెకు సరిగా కనబడుటలేదని ఒకడు ఆపిల్ అధిపతి టిమ్ కుక్‌తో మొఱపెట్టగా, తల్లికి ఐఫోను కొనిపెట్టుమని ఆయన బదులు చెప్పెను. 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఆపిల్‌పై వేసిన దావాలో, ఐఫోను లేనివారు, విశేషముగా చిన్న వయస్సువారు, తోటివారిచేత నిందకును వెలివేతకును గురియగుచున్నారని వ్రాసెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఆపిల్ కొత్త సందేశ పద్ధతిని అంగీకరించినందున చిత్రములు బాగుపడెను. రంగుమాత్రము పచ్చగానే నిలిచెను.

అమెరికాలోని తెలుగు కుటుంబముల పిల్లలు చదువుచున్న పాఠశాలలు ఇవియే. భారతదేశములో వాట్సాప్ ఎల్లరికిని ఒకటే గనుక రంగుభేదము తెలియదు. ఇక్కడ ఆ పని చేయునది వెల. ఫోను వెనుకనున్న గుర్తు కనబడునట్లు పట్టుకొనుట, బల్లమీద బోర్లించి పెట్టుట, అద్దములో ఫోటో తీసికొనుట నేర్వనక్కరలేకయే వచ్చుచున్నవి. యాకోబు ఒక కూటమును వర్ణించెను (2:1–7). బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి స్థలము దొరకెను. మురికిబట్టలవాడు పాదపీఠమునొద్ద కూర్చుండవలసివచ్చెను. ఆ కూటమువారు ఆ పేదవానిని తిట్టలేదు, వెలుపలికి త్రోయలేదు. కన్నులతో చూచి స్థలము నిర్ణయించిరి, అంతే. ఆ పనికి యాకోబు పెట్టిన పేరు పక్షపాతము. ఉంగరమునకు బదులు ఫోను వచ్చినందున ఆ వాక్యపు పదును మొక్కవోలేదు. యౌవనుల కూటములో ఫోటో తీయుటకు ఎవరి ఫోనును అడుగుదురు, ఎవరి ఫోనును చూచి నవ్వుదురు అని సంఘకాపరి ఒకసారి గమనించినయెడల యాకోబు పత్రికకు వేరే వ్యాఖ్యానము అవసరముండదు.

5. అచ్చు ఎవరిది?

బ్రాండ్ అను ఇంగ్లీషు మాటకు మూలార్థము కాల్పు. పశువు ఎవరిదో తెలియుటకు ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో దాని చర్మముమీద వేసిన గురుతునకు ఆ పేరు వచ్చెను. తరువాత సరకుల మూటలమీద వేయు ముద్రకును, తుదకు వ్యాపారపు పేరునకును అదే నిలిచెను. తెలుగు పల్లెలలో ఇది విడమరచి చెప్పనక్కరలేదు. దేవుని పేర అచ్చువేసి విడిచిన ఆబోతు ఏ పొలములో మేసినను దానిని కట్టివేయుటకు జంకెడివారు. అచ్చోసిన ఆబోతు అను మాట అందుండియే వచ్చెను. అచ్చు చూచి పశువు ఎవరి సొత్తో చెప్పుదురు. ఒక్క భేదము కలదు: పశువు తన అచ్చునకు రొక్కము చెల్లించదు. మనిషియైతే నెలనెల వాయిదాలు కట్టి వేయించుకొనుచున్నాడు. అప్పుచేయువాడు అప్పిచ్చువానికి దాసుడను సామెతను (22:7) పిల్లలకు నేర్పిన తండ్రియే, తోటివారిలో తన కుమారుడు తక్కువకాకూడదని, మూడు నెలల జీతమునకు మించిన ఫోనునకు సంతకము చేయుచున్నాడు.

పౌలుమీదను అచ్చులు ఉండెను. గలతీయులకు వ్రాసిన పత్రిక తుదిలో (6:17) తన శరీరమందు యేసుయొక్క ముద్రలున్నవని ఆయన చెప్పెను. అక్కడ గ్రీకు మాట "స్తిగ్మత". దాసులకు వేయు గురుతులకు ఆ పేరు. పౌలు ముద్రలు లుస్త్రలో రువ్విన రాళ్లవి, ఫిలిప్పీలో కొట్టిన బెత్తములవి. ఆయన వాటిని అంగడిలో కొనలేదు. ఇతరుల రక్షణకొరకు పోయినచోట అవి తగిలెను. ఒకని గొప్పతనమును చాటు గురుతునకును, ఒకడు ఇతరులకొరకు భరించిన గురుతునకును ఉన్న దూరము ఇంతటిది.

కావుననే కొరింథీయులకు పౌలు వేసిన ప్రశ్నలు నేటికిని పదునుగలవి (1:13). క్రీస్తు ముక్కలు చేయబడెనా? వారికొరకు సిలువవేయబడినది పౌలా? వారు పొందిన బాప్తిస్మము పౌలు పేరటనా? తన పేరును తానే ఉదాహరణగా తీసికొనుటలో పౌలు వినయము కనబడుచున్నది. తన పక్షమువారిని పొగడక, మొదట వారినే గద్దించెను. ఏ సంస్థయు తన వస్తువును వాడువానికొరకు ప్రాణము పెట్టలేదు; పెట్టవలెనని అడుగుటయు న్యాయము కాదు. అది వస్తువు నిచ్చి వెల పుచ్చుకొనును. వెల ముట్టిన తరువాత కొన్నవాడు దానికి ఋణపడియుండడు. విశ్వాసియైతే తానే వెలకు కొనబడినవాడు (6:20). అతనిమీద ఒక శ్రేష్ఠమైన నామము పెట్టబడినదని యాకోబు ఆ ఉంగరపు వృత్తాంతములోనే జ్ఞాపకము చేసెను (2:7). ఆ నామముక్రింద ఉన్నవానికి మరియొక అచ్చు అవసరము లేదు.

6. విభక్తి మారినప్పుడు

పౌలు కొరింథీయుల నోరు మూయించి ఊరకుండలేదు. వారి వాక్యమును తీసికొని విభక్తిని తిరుగవేసెను (3:21–23). వారు తాము పౌలు సొత్తనిరి. పౌలే వారి సొత్తని ఆయన బదులు వ్రాసెను. అపొల్లోయు, కేఫాయు, లోకమును, జీవమును, మరణమును, ఇప్పుడున్నవియు, రాబోవునవియు వారివి, వారు క్రీస్తువారు, క్రీస్తు దేవునివాడు. వారు పెద్దదనుకొని తమకు తగిలించుకొనిన పేరు నిజమునకు వారిని చిన్నచేసెను. రాజకుమారుడు తన పొలములో పనివాని సొత్తునని చెప్పుకొనినట్లు వారు మాటలాడుచుండిరి.

ఫోనునకు ఈ జాబితాలో ఎక్కడ స్థలము? ఇప్పుడున్నవాటిలో అదియు ఒకటి. అది విశ్వాసి సొత్తు. విశ్వాసి దాని సొత్తు కాడు. తెలుగు భాష ఈ సత్యమును తన మాటలలోనే దాచియుంచెను. ఫోను వాడువాడు వేరు, ఫోనువాడు వేరు. మొదటివాని చేతిలో వస్తువున్నది. రెండవవాడు వస్తువు చేతిలో ఉన్నాడు. పౌలు ఈ పత్రికలోనే (7:31) లోకమును వాడుకొనువారు దానిలో మునిగిపోనివారివలె ఉండవలెననియు, ఈ లోకపు రూపము గతించుచున్నదనియు బోధించెను.

గతించుటకు సాక్ష్యము శ్రీపెరుంబుదూరులోనే కలదు. 2006లో అక్కడ నోకియా కర్మాగారము తెరువబడెను. ఆ కాలమున భారతదేశములో ఫోను అనిన నోకియాయే. నోకియావారు, బ్లాక్‌బెర్రీవారు అని కక్షలు ఆ నాడును ఉండెను. 2014లో నోకియా తన ఫోనుల వ్యాపారమును మైక్రోసాఫ్ట్‌నకు ఒప్పగించెను; శ్రీపెరుంబుదూరు కర్మాగారము ఆ నవంబరులో ఆగిపోయెను; వేలాది పనివారు వీధిని పడిరి. మరుసటి సంవత్సరమే మైక్రోసాఫ్ట్ ఆ కొనుగోలు నిమిత్తము 760 కోట్ల డాలర్లను నష్టముగా వ్రాసికొనెను. అప్పుడు దాని అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. 2022 జనవరిలో బ్లాక్‌బెర్రీ పాత ఫోనుల సేవలు నిలిచిపోయెను. మూతపడిన నోకియా ఆవరణము 2019లో సాల్కాంప్ అను సంస్థ చేతికి వచ్చెను. అది ఆపిల్‌నకు చార్జర్లు సరఫరా చేయు సంస్థ. ఒక పేరు గోడమీదనుండి దిగెను, మరియొక పేరు ఎక్కెను. ఆ దిగిన పేరుకొరకు పోట్లాడినవారు నేడు తమ పోట్లాటను జ్ఞాపకము చేసికొనుటకు సిగ్గుపడుదురు.

వస్తువును వస్తువుగా వాడుకొనువారికి ఈ మార్పులు కలవరము పుట్టింపవు. కువైటులో ఇంటిపని చేయుచున్న గోదావరి ప్రాంతపు తల్లి శుక్రవారమున తన బిడ్డ ముఖమును తెరమీద చూచునప్పుడు ఆ తెర ఏ సంస్థదో తలంచదు. కన్ను మసకబారిన వృద్ధుడు అక్షరములను పెద్దవి చేసికొని కీర్తనల గ్రంథము చదువుకొనునప్పుడు ఆయనకు ఆపరేటింగ్ సిస్టము పేరు తెలియకపోవచ్చును. వారు వాడువారు, వస్తువు వారికి లోబడియున్నది.

7. సంఘములోని పాత అచ్చులు

ఫోనుల కక్షను చూచి నవ్వుకొను పెద్దలు తమ కాలపు కక్షలను మరువరాదు. 1840లో అమెరికను బాప్తిస్టులు నెల్లూరునకును, 1841లో ఇంగ్లండు సంఘపు మిషనరీలు మచిలీపట్నమునకును, 1842లో లూథరను మిషనరీయైన హయ్యరు గుంటూరునకును వచ్చిరి. తరువాత మిషనులు ప్రాంతములను పంచుకొని పనిచేసెను. ఒక పల్లె లూథరను పల్లెయగుటకు, మరియొకటి బాప్తిస్టు పల్లెయగుటకు తరచుగా కారణము పటముమీది గీత. సిద్ధాంతములను తూచి ఎంచుకొనినవారు కొద్దిమంది. ఆ గీతకు ఇటునటు ఉన్న విశ్వాసులు తరువాత పెండ్లి సంబంధములలోను, ఉద్యోగములలోను, సమాధుల దొడ్డిలోను తాము ఫలానివారమని చెప్పుకొనిరి. మిషనరీలు తెచ్చిన సువార్తకొరకు కృతజ్ఞత తగినదే. నాటినవానిని, నీళ్లు పోసినవానిని పౌలును మరువలేదు. అయితే పెంచువాడు దేవుడు.

దోర్నకల్ బిషప్పు వి. యస్. అజరయ్య ఈ గీతలను చెరుపుటకు శ్రమించినవారిలో ముఖ్యుడు. 1919లో తరంగంబాడిలో కూడిన సభనుండి ఐక్యతకొరకైన మాటలు సాగెను. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట ఆయన కన్నులతో చూడలేదు. ఆ ఐక్యతలో చేరని సంఘములును కలవు. చేరిన సంఘములలో పదవులకొరకైన వ్యాజ్యములును కలవు. పెద్దలు న్యాయస్థానములలో తమ వర్గముల పేర్లు చెప్పుకొనుచుండగా, ఫోనుల పేరట వాదించు యౌవనులకు 1 కొరింథీ మొదటి అధ్యాయమును బోధించుట కష్టము. పిల్లలు విభక్తులను ఇంటిలోనే నేర్చుకొందురు.

విశ్వాసి చేయవలసిన పనులు పెద్దవి కావు. అవసరమును, ఆదాయమును చూచి వస్తువును కొనవలెను; కొన్న తరువాత దానికి వకాల్తా మానవలెను. తక్కువ వెలగలది పట్టుకొనినవాడు సిగ్గుపడని కూటముగా తన కూటమును కాపాడవలెను. వాదము ఎగతాళిగా మారు క్షణమును గుర్తించి మొదట తానే ఆగవలెను. వస్తువును చేసిన చేతులకొరకు, శ్రీసిటీ శ్రీపెరుంబుదూరుల పనివారికొరకు, కుటుంబ ప్రార్థనలో ఒక మాట చేర్చవలెను. ఓడిపోయినను పరవాలేదనిపించు వాదములో ఓడిపోవుట నేర్చినవాడు స్నేహితుని గెలుచుకొనును.

కొరింథీయులలో కక్షలుండకూడదని పౌలు వేడుకొనిన వచనములో (1:10) కక్షలకు వాడిన గ్రీకు మాట "స్ఖిస్మత". పాత వస్త్రమునకు పడు చినుగును గూర్చి మార్కు సువార్తలో (2:21) ఉన్న మాటయు ఇదియే. సన్నద్ధులై ఏకమై యుండుడనుటకు పౌలు వాడిన క్రియాపదము, యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుటకు మార్కు (1:19) వాడిన క్రియాపదమే. చినిగిన వల చేపలను పట్టదు. బాగుచేయు పని గొప్పగా కనబడదు. సూదియు దారమును ఓర్పును కావలెను. యేసు ఆ పనిలోనున్న ఇద్దరు అన్నదమ్ములను పిలిచెను.

ఫోను మనిషి అరచేతిలో ఇముడును. చేయి తెరచినయెడల జారిపోవును. సీయోనును తన అరచేతులమీద చెక్కుకొనియున్నానని దేవుడు యెషయా నోట పలికించెను (49:16). ఆ చేతులకు మేకులు దిగిన గురుతులు పడినవి. తోమా వాటిని చూచెను. ఎవరు ఎవరి సొత్తు అను ప్రశ్నకు అక్కడ జవాబు వ్రాయబడియున్నది. తనవారిని ఎన్నడును విడువని ఆ ప్రభువునకే మహిమ కలుగును గాక. ఆమేన్.